కూరగాయలు తోమడం కాదు, కిటికీ తీయండి: కరోనా ఎలా పాకుతుంది, ఎలా ఆపాలి

2020 వేసవిలో మన గుంటూరు, బెజవాడ ఇళ్లలో చాలా చోట్ల ఒకటే తంతు. కూరగాయల సంచి గుమ్మం బయటే ఆపేవాళ్లు, టమాటాలు ఉప్పు పసుపు నీళ్లలో నానబెట్టేవాళ్లు, పాల ప్యాకెట్‌ని సబ్బు పెట్టి తోమేవాళ్లు. అదంతా అయ్యాక తలుపులు, కిటికీలు బిగించి, ఏసీ వేసుకుని, చూసి పోదామని వచ్చిన చుట్టాలతో హాల్లో గంటసేపు కూర్చుని మాట్లాడేవాళ్లు. భయం నిజమే, జాగ్రత్తా నిజమే, కానీ జాగ్రత్తలో సింహభాగం టమాటాలకే పోయింది, గాలిని ఎవరూ పట్టించుకోలేదు. మా మెడికల్ షాపు కౌంటర్ దగ్గర ఇప్పటికీ శానిటైజర్ అడిగేవాళ్లే ఎక్కువ, ముఖానికి సరిగ్గా పట్టే మాస్క్ అడిగేవాళ్లు చాలా తక్కువ. అందుకే ఏది ముందు, ఏది తర్వాత అన్న వరస పెట్టి ఇది రాస్తున్నాను. దేనికి ఎక్కువ శ్రమ పెట్టాలో దాని గురించి ఎక్కువ రాశాను, మిగతావి రెండు మాటల్లో తేల్చేశాను.

ముందు ఇది ఎలా అంటుకుంటుందో తెలియాలి

కరోనా అనేది ఒక్క వైరస్ కాదు, ఒక కుటుంబం. అందులో నాలుగు రకాలు ఎప్పటి నుంచో మనుషుల మధ్య తిరుగుతున్నాయి, మామూలు జలుబు తెస్తాయి, పోతాయి. 2002 చివర్లో బయటపడ్డ సార్స్, 2012లో వచ్చిన మెర్స్, 2019 చివర్లో చైనాలోని వూహాన్‌లో బయటపడ్డ కోవిడ్ వైరస్, ఈ మూడే ప్రాణాల మీదికి తెచ్చినవి. ఇక్కడ చెప్పేది ముఖ్యంగా కోవిడ్ గురించే అయినా, జలుబు, ఫ్లూలకి కూడా ఇందులో చాలా జాగ్రత్తలు పనికొస్తాయి.

వైరస్ సోకిన మనిషి ఊపిరి వదిలినా, మాట్లాడినా, దగ్గినా, పాడినా నోట్లోంచి, ముక్కులోంచి తుంపర్లు వస్తాయి. పెద్ద తుంపర్లు ఒకటి రెండు మీటర్ల లోపు కింద పడిపోతాయి. కంటికి కనపడనంత సన్నవి మాత్రం పడవు, అగరుబత్తి పొగలాగా గదంతా అలుముకుంటాయి. తలుపులు మూసిన గదిలో అగరుబత్తి ఆరిపోయాక కూడా వాసన ఎంతసేపు ఉంటుందో మీకు తెలుసు కదా, ఇవీ అలాగే నిలబడతాయి, ఒక్కోసారి గంటల తరబడి. మనిషి గదిలోంచి వెళ్లిపోయినా అతని ఊపిరి ఇంకా అక్కడే ఉంటుంది. గట్టిగా మాట్లాడితే, పాడితే, అరిస్తే తుంపర్లు ఇంకా ఎక్కువ వస్తాయి.

ఇది లెక్కల్లో తేలిన సంగతి. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో 2020 మార్చి 10న ఒక బృందగాన సాధన జరిగింది, సుమారు రెండున్నర గంటలు. వచ్చినవాళ్లు 61 మంది, వాళ్లలో ఒకరికి అప్పటికే లక్షణాలున్నాయి. చివరికి 53 మందికి కోవిడ్ వచ్చిందని లెక్క తేలింది, ఇద్దరు చనిపోయారు. అదే సంవత్సరం జనవరిలో చైనాలోని గ్వాంగ్‌జౌలో కిటికీల్లేని ఒక రెస్టారెంట్‌లో ఏసీ గాలి తిరిగే వరసలో పక్కపక్క టేబుళ్ల మీద భోంచేసిన మూడు కుటుంబాల్లో 10 మందికి వచ్చింది. మన ఏసీ ఫంక్షన్ హాల్లో బంతి భోజనాలు, మూసిన గదిలో భజన గుర్తుకు తెచ్చుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదట్లో దగ్గర నుంచి పడే తుంపర్ల గురించే నొక్కి చెప్పినా, 2021లో గాలిలో తేలే కణాల వల్ల కూడా వ్యాపిస్తుందని స్పష్టంగా చెప్పింది. అప్పటికే ఎంత ఆలస్యమైందో తలుచుకుంటే బాధేస్తుంది.

మరి వస్తువుల మాటేమిటి? ప్రయోగశాలలో ఈ వైరస్ ప్లాస్టిక్, స్టీలు మీద 72 గంటల దాకా, అట్టపెట్టె మీద 24 గంటల దాకా కనపడింది, ఆ వార్తే మనల్ని హడలగొట్టింది. కానీ అక్కడ వైరస్ ఆనవాలు ఉండటం వేరు, దాని వల్ల మనిషికి జబ్బు రావడం వేరు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ 2021 ఏప్రిల్‌లో చెప్పిన ప్రకారం, వైరస్ అంటిన వస్తువుని ఒకసారి ముట్టుకుంటే జబ్బు వచ్చే అవకాశం సాధారణంగా 10,000లో ఒకటి కన్నా తక్కువ. చేతులు కడుక్కుంటే చాలు. కూరగాయల్ని మామూలు నీళ్లతో కడగండి, సబ్బు అసలు వాడొద్దు, అది కడుపులోకి పోతుంది.

ఇంకో సంగతి, ఇది చాలామందికి మింగుడు పడదు. లక్షణాలు మొదలవడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఆ మనిషి ఇతరులకి అంటించగలడు. అందుకే “ఆయన బాగానే ఉన్నాడుగా, దగ్గు కూడా లేదు” అన్న ధీమా పనికిరాదు. వైరస్ ఒంట్లో చేరిన దగ్గర నుంచి లక్షణాలు కనపడటానికి మొదటి రకాల్లో 5, 6 రోజులు పట్టేది, ఒక్కోసారి 14 రోజుల దాకా కూడా. ఒమిక్రాన్ వచ్చాక అది సుమారు 3 రోజులకి తగ్గింది.

మొదటి మెట్టు: ఇంట్లో గాలి కదలాలి

గదికి ఎదురెదురుగా రెండు దారులు తీసి ఉంచండి, ఒక పక్క నుంచి గాలి వచ్చి ఇంకో పక్క నుంచి పోవాలి. ఒకే కిటికీ తీస్తే సగం పనే. వంటింట్లో, బాత్‌రూమ్‌లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే ఎవరైనా బయటివాళ్లు వచ్చినప్పుడు వేసి ఉంచండి, ఇల్లంతా గాలి లాగుతుంది.

బెజవాడ ఎండలో కిటికీ తీయమంటే ఎలా అని అడుగుతారు, న్యాయమే, రోహిణి కార్తెలో మధ్యాహ్నం కిటికీ తీస్తే నిప్పుల కొలిమే. ఇక్కడ ఏసీ సంగతి తెలియాలి. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, గదిలో ఉన్న గాలినే చల్లబరిచి మళ్లీ వదులుతుంది. అంటే ఒకరి ఊపిరినే అందరూ మళ్లీ మళ్లీ పీలుస్తుంటారు. ఇంట్లో ఉండే నలుగురే అయితే, ఎవరికీ బాగోలేకపోవడం అంటూ లేకపోతే, ఏసీ వేసుకోండి, ఫరవాలేదు. బయటివాళ్లు వచ్చినప్పుడో, ఒకరికి జలుబు చేసినప్పుడో మాత్రం కిటికీ జానెడు తీసి, ఎగ్జాస్ట్ వేసి, అప్పుడు ఏసీ నడపండి. కరెంటు బిల్లు పెరుగుతుంది, పెరగనివ్వండి.

ఎయిర్ కూలర్ ఉన్నవాళ్లకి ఒక మంచి మాట. కూలర్‌ని కిటికీకి బిగించి, బయటి గాలి లాగేలా పెట్టి, ఎదురు కిటికీయో తలుపో తీసి ఉంచితే గదిలో గాలి బాగా మారుతుంది, ఈ విషయంలో ఏసీ కన్నా అదే నయం. అదే కూలర్‌ని మూసిన గది మధ్యలో పెడితే మాత్రం ఉక్కపోత తప్ప లాభం లేదు.

రెండో మెట్టు: మాస్క్ పట్టుందా లేదా చూడండి

కండువా, తువ్వాలు, చీర కొంగు, ఒంటి పొర గుడ్డ మాస్క్, ఇవి ఎదుటివాళ్ల మీద తుంపర్లు పడకుండా కొంత అడ్డుకుంటాయి కానీ సన్నటి కణాల్ని ఆపలేవు. ఎన్95 అన్న పేరులోనే లెక్క ఉంది, 0.3 మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) కణాల్లో కనీసం 95 శాతాన్ని ఈ రకం మాస్క్ వడకడుతుంది. కొనేటప్పుడు పైన ఐఎస్ 9473, ఎఫ్ఎఫ్‌పీ2 అన్న ముద్ర ఉందేమో చూడండి, అది మన దేశపు ప్రమాణం. చెవులకి తగిలించే తాడు కన్నా తల వెనక్కి పోయే పట్టీలున్నది బిగువుగా కూర్చుంటుంది. ముందు భాగంలో ప్లాస్టిక్ వాల్వు ఉన్నది కొనకండి, మీరు వదిలే ఊపిరి దాంట్లోంచి వడపోత లేకుండా బయటికి పోతుంది. కేంద్ర ఆరోగ్య శాఖ 2020 జులైలోనే ఈ వాల్వు మాస్కులు వద్దని రాష్ట్రాలకి చెప్పింది.

పెట్టుకున్నాక చూసుకునే పద్ధతి ఇది. ముక్కు మీది తీగని రెండు చేతుల వేళ్లతో ఒకేసారి నొక్కండి, ఒక చేత్తో చిటికేస్తే మధ్యలో మొన తేలి రెండు పక్కలా సందు మిగులుతుంది. తర్వాత రెండు అరచేతులూ మాస్క్ చుట్టూ ఆనించి గట్టిగా ఊదండి. బుగ్గల దగ్గర గాని, గడ్డం కింద గాని గాలి తగిలితే అక్కడ కారుతోందన్నమాట. కళ్లద్దాలు మసకబారుతుంటే ముక్కు దగ్గర సందుంది. గుబురు గడ్డం ఉన్నవాళ్లకి ఎంత మంచి మాస్క్ అయినా పూర్తిగా పట్టదు. శ్వాస తీసినప్పుడు మాస్క్ కొద్దిగా లోపలికి పీల్చుకుంటే సరిగ్గా కూర్చున్నట్టు.

ఎన్95ని ఉతకొద్దు, ఉతికితే వడపోత గుణం పోతుంది. నాలుగైదు కొనిపెట్టుకుని రోజుకొకటి వాడుతూ, వాడినదాన్ని కాగితపు కవర్లో పెట్టి ఆరనివ్వండి. చెమటకి తడిసి ముద్దయినా, పట్టీ వదులైనా, మురికి పట్టినా తీసి పారేయాల్సిందే. రెండేళ్ల లోపు పిల్లలకి మాస్క్ పెట్టకూడదు.

మూడో మెట్టు: బయట ఎక్కడ ఎంత జాగ్రత్త

లెక్క మూడు విషయాల మీద ఉంటుంది: ఆ చోటు ఎంత మూసి ఉంది, ఎంతమంది ఉన్నారు, మీరు ఎంతసేపు ఉంటారు. ప్రకాశం బ్యారేజీ మీద సాయంత్రం నడకకి మాస్క్ అక్కర్లేదు. కాళేశ్వరరావు మార్కెట్‌లో సందుల్లో జనం ఒరుసుకుంటూ నడిచే చోట పెట్టుకుంటే మంచిది. కిటికీలు తీసిన పల్లెవెలుగు బస్సు కన్నా అద్దాలు బిగించిన ఏసీ బస్సులో గుంటూరు నుంచి హైదరాబాద్ దాకా వెళ్లడం చాలా ఎక్కువ రిస్కు, అక్కడ ఎన్95 తీయకండి. షేర్ ఆటోలో పక్కలు తెరిచి ఉంటాయి కాబట్టి కొంత నయం, అయినా పక్కవాళ్ల ఊపిరి మీ ముఖం మీదే, ప్రయాణం చిన్నదైనా మాస్క్ పెట్టుకోండి.

దసరాకి ఇంద్రకీలాద్రి క్యూ లైన్లలో గంటలు నిలబడాల్సి వస్తుంది. కేసులు పెరుగుతున్న రోజుల్లో అయితే అరవై దాటినవాళ్లనీ, షుగర్, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లనీ రద్దీ రోజుల్లో తీసుకెళ్లకండి, అమ్మవారి దర్శనం రద్దీ తగ్గాకా అవుతుంది. పెళ్లిళ్లలో అయితే అసలు ప్రమాదం భోజనాల దగ్గరే, అందరూ మాస్కులు తీసి, హోరు మ్యూజిక్ మధ్య గట్టిగా అరుచుకుంటూ మాట్లాడతారు. మీ ఇంట్లో పెళ్లయితే భోజనాలు షామియానా కింద పెట్టించండి, చుట్టాలు కాసేపు చెమటలు పట్టాయని గొణుక్కుంటే గొణుక్కుంటారు.

గుంటూరు మిర్చి యార్డు సంగతి వేరే చెప్పాలి. సీజన్‌లో అక్కడ అందరూ దగ్గుతారు, తుమ్ముతారు, ఘాటు అలాంటిది, కాబట్టి జబ్బు దగ్గు ఆ గోలలో కలిసిపోతుంది. ఇంటికొచ్చి స్నానం చేసి, రాత్రి నిద్రపోయే వేళకి కూడా దగ్గు తగ్గకపోయినా, జ్వరం, ఒళ్లునొప్పులు, గొంతునొప్పి తోడైనా అది ఘాటు కాదనుకుని టెస్టు చేయించుకోండి. ముఠా కూలీలకి మాస్కులు ఇచ్చే వ్యాపారులు రోజుకి ఒకటి చొప్పున ఇస్తే చాలదు, దుమ్ము పట్టి మధ్యాహ్నానికే ఊపిరాడక తీసేస్తారు, రెండో పూటకి ఇంకోటి ఉండాలి.

పిల్లల్ని ఇంటర్ హాస్టళ్లలో చేర్చినవాళ్లు ఫీజులూ ర్యాంకులతో పాటు ఈ ప్రశ్నలూ అడగండి: గదిలో ఎంతమంది, కిటికీలు తెరుచుకుంటాయా, జ్వరం వస్తే పిల్లాడిని వేరే గదిలో ఉంచుతారా? స్టడీ అవర్ పేరుతో మూసిన హాల్లో వంద మందిని గంటలకొద్దీ కూర్చోబెట్టే చోట ఒకరికి వస్తే కొద్ది రోజుల్లోనే చాలామందికి పాకవచ్చు. తల్లిదండ్రులు గట్టిగా అడిగితేనే యాజమాన్యాలు కదులుతాయి.

చేతులు, టీకా

ఈ వైరస్ పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బు ఆ పొరని చీల్చేస్తుంది, అంతే, ఖరీదైన సబ్బు అక్కర్లేదు. 20 సెకన్లు రుద్దండి, గోళ్ల కింద, వేళ్ల సందుల్లో కూడా. సబ్బు దొరకని చోట కనీసం 60 శాతం ఆల్కహాల్ ఉన్న శానిటైజర్ వాడండి. అది రాసుకున్న తడి చేతుల్తో స్టవ్ దగ్గరికి వెళ్లకండి, భగ్గుమంటుంది.

టీకా విషయంలో ఒక అపోహ ఉంది: “వేయించుకున్నా వచ్చింది కదా” అని. జబ్బు అంటకుండా ఆపే శక్తి కొన్ని నెలల్లో తగ్గుతుంది, నిజమే. కానీ ఐసీయూ దాకా పోకుండా కాపాడే శక్తి ఎక్కువ కాలం నిలుస్తుంది, టీకా వేయించుకోమనేది ముఖ్యంగా దానికోసమే. మన దేశంలో 2021 జనవరి 16న టీకాలు మొదలయ్యాయి. ఇంట్లో పెద్దవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులు ఉంటే ఇప్పుడు ఇంకో డోసు అవసరమా అని మీ డాక్టర్‌ని అడగండి.

ఇంట్లో ఒకరికి జ్వరం వచ్చిందనుకోండి

టెస్టు రిపోర్టు వచ్చేదాకా ఆగొద్దు, ఆ గంటే వేరు చేయండి. ఇంట్లో చేసుకునే కిట్‌లో నెగెటివ్ వచ్చినా లక్షణాలుంటే నమ్మకండి, 48 గంటలాగి మళ్లీ చేయండి లేదా ల్యాబ్‌లో చేసే ఆర్‌టీ-పీసీఆర్ టెస్టు చేయించండి.

గది ఎంపిక ముఖ్యం. బయటికి కిటికీ ఉన్న గది, వీలైతే బాత్‌రూమ్ ఉన్నది, రోగికి ఇవ్వండి. లక్ష్యం ఒక్కటే: గాలి ఇంట్లోంచి ఆ గదిలోకి, ఆ గదిలోంచి బయటికి పోవాలి, వెనక్కి హాల్లోకి రాకూడదు. దానికి ఒక టేబుల్ ఫ్యాన్‌ని రోగి గది కిటికీ దగ్గర ముఖం బయటికి తిప్పి పెట్టండి, లోపలి గాలిని బయటికి తోసేలా. హాల్లో కిటికీ ఒకటి తీసి ఉంచండి, రోగి గది తలుపు మూసేయండి. ఇప్పుడు ఒక అగరుబత్తి వెలిగించి ఆ తలుపు బయట, కింద సందు దగ్గర పట్టుకోండి. పొగ సందులోంచి గదిలోకి లాక్కుపోతుంటే మీరు గెలిచినట్టే. పొగ మీ వైపు తిరుగుతుంటే గాలి హాల్లోకి వస్తోందని అర్థం, ఫ్యాన్ స్పీడు పెంచండి, హాల్లో ఇంకో కిటికీ తీయండి, వంటింటి ఎగ్జాస్ట్ ఆపేసి చూడండి, ఎందుకంటే అది అటు లాగేస్తుండవచ్చు. ఆ గదిలో ఏసీ ఉన్నా ఆ కొద్ది రోజులూ కిటికీ మూయొద్దు.

ఒక్క గది ఇల్లయితే రోగి మంచం కిటికీ పక్కకి జరిపి, మిగతావాళ్లు గాలి వచ్చే వైపు ఉండండి. అందరూ మాస్క్ పెట్టుకోవాలి. రాత్రిళ్లు మిగతావాళ్లు డాబా మీద పడుకోవచ్చు, మనకి వేసవిలో ఎలాగూ అలవాటే.

సేవ చేసేది ఒక్కరే అయితే మంచిది, ఆ మనిషి పెద్దవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు కాకూడదు. లోపలికి వెళ్లేటప్పుడు ఇద్దరికీ ఎన్95 ఉండాలి. భోజనం తలుపు బయట స్టూలు మీద పెట్టి రండి. బాత్‌రూమ్ ఒక్కటే ఉంటే రోగి చివర్లో వాడి, ఎగ్జాస్ట్ వేసి, కిటికీ తీసి రావాలి, మిగతావాళ్లు కనీసం అరగంట ఆగి మాస్క్‌తో వెళ్లాలి. గిన్నెలు, బట్టలు మామూలు సబ్బుతో కడిగితే చాలు, పారేయనక్కర్లేదు.

ఆక్సిజన్ మీద కన్నేసి ఉంచండి

ఈ జబ్బులో మోసం ఎక్కడంటే, ఒంట్లో ఆక్సిజన్ పడిపోతున్నా కొందరికి ఆయాసం తెలియదు, ఫోన్లో మాట్లాడుతూనే ఉంటారు. అందుకే పల్స్ ఆక్సీమీటర్ కావాలి, అది వేలికి తగిలిస్తే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే చిన్న పరికరం. ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టి, నెయిల్ పాలిష్ తీసేసి, చెయ్యి చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరిచి, చూపుడు వేలికో మధ్య వేలికో పెట్టండి. గోరింటాకు ముదురుగా పండిన వేలు వదిలేసి వేరే వేలు చూడండి. అంకె వెంటనే రాసుకోకండి, ఒక నిమిషం పాటు నిలకడగా ఉన్నదే లెక్క. రోజుకి మూడు నాలుగు సార్లు, టైముతో సహా కాగితం మీద రాయండి, డాక్టర్ ముందుగా అడిగేది అదే.

94, ఆ పైన ఉంటే ఇంట్లో ఉండొచ్చు. 93కి దిగితే ఆసుపత్రికి బయల్దేరాల్సిందే, 90 లోపు అయితే అది ఎమర్జెన్సీ. అంకె బాగానే ఉన్నా ఆయాసం, ఛాతీలో నొప్పి లేదా బరువు, మాట తడబడటం, మగత, పెదవులు నీలం కావడం, వీటిలో ఏది కనపడినా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి, సలహా కావాలంటే 104 ఉంది. అంబులెన్స్ వచ్చేలోగా బోర్లా పడుకోబెడితే ఆక్సిజన్ కొంత మెరుగవుతుంది, గర్భిణులనీ, గుండె జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లనీ మాత్రం అలా పడుకోబెట్టకండి. గుంటూరులోనూ, విజయవాడలోనూ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రులున్నాయి, బెడ్ కోసం ప్రైవేటు గుమ్మాలు తిరుగుతూ గంటలు పోగొట్టుకోవద్దు.

మందుల దగ్గర ఈ తప్పులు వద్దు

కౌంటర్ దగ్గర నిలబడి నేను ఎక్కువగా “వద్దు” చెప్పేది ఇక్కడే. జ్వరానికి పారాసిటమాల్, మంచినీళ్లు, మజ్జిగ, విశ్రాంతి, చాలామందికి ఇంతే కావాలి. అజిత్రోమైసిన్ బ్యాక్టీరియాకి పనిచేసే మందు, వైరస్‌కి కాదు. స్టెరాయిడ్ గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. 2020లో బ్రిటన్‌లో ‘రికవరీ’ పేరుతో జరిగిన మందుల పరీక్షల్లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఆక్సిజన్ అవసరమైన రోగుల ప్రాణాలు కాపాడింది, కానీ ఆక్సిజన్ అక్కర్లేనివాళ్లకి మేలు చేయలేదు. మొదటి రోజుల్లోనే సొంతంగా మింగితే ఒంటి రక్షణ శక్తి తగ్గుతుంది, షుగర్ అమాంతం పెరుగుతుంది. 2021లో షుగర్ అదుపులో లేనివాళ్లకి, స్టెరాయిడ్లు ఎక్కువ వాడినవాళ్లకి బ్లాక్ ఫంగస్ వచ్చి కళ్లు పోగొట్టుకోవడం మనం చూశాం. పక్కింటాయన చీటీ ఫోన్లో ఫొటో తీసుకొచ్చి అవే మందులు ఇమ్మని అడగకండి.

ఆవిరి పడితే ముక్కు తెరుచుకుంటుంది, వైరస్ మాత్రం చావదు. పిల్లల చేత మరిగే నీళ్ల గిన్నె ముందు పట్టించొద్దు, ఒలికి ఒళ్లు కాలతాయి. శొంఠి, మిరియాల కషాయం గొంతుకి హాయిగా ఉంటే తాగండి, దాన్నే వైద్యం అనుకుని ఆసుపత్రికి వెళ్లడం ఆపొద్దు.

మళ్లీ బయటికి ఎప్పుడు

2022 జనవరిలో కేంద్రం ఇచ్చిన నిబంధన ప్రకారం పాజిటివ్ వచ్చిన రోజు నుంచి కనీసం 7 రోజులు, అందులో వరసగా 3 రోజులు జ్వరం లేకుండా ఉంటే ఇంట్లో విడిగా ఉండటం ఆపొచ్చు. కానీ కొందరిలో వైరస్ పదో రోజు దాకా అంటుకునే స్థితిలో ఉంటుంది, కాబట్టి పది రోజులు నిండేదాకా మాస్క్ తీయకండి, ముసలివాళ్ల పక్కన కూర్చుని భోంచేయకండి. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు, అవయవ మార్పిడి అయినవాళ్లు ఇంకా ఎక్కువ రోజులు అంటించగలరు, వాళ్ల విషయం డాక్టరే తేల్చాలి.

నీరసం వారాల పాటు ఉండొచ్చు. మొదటి రోజే పొలం పనికో, జిమ్‌కో, యార్డులో మిర్చి టిక్కీలు (బస్తాలు) మోయడానికో పోకుండా నడకతో మొదలుపెట్టండి, మరుసటి రోజు అలసట పెరిగితే తగ్గించండి. నెల దాటినా మెట్లెక్కితే ఆయాసం వస్తున్నా, గుండె దడ తగ్గకపోయినా, మతిమరుపు ఇబ్బంది పెడుతున్నా అది మనసు బలహీనత కాదు, పాత ఆక్సిజన్ అంకెల కాగితం కూడా పట్టుకుని ఛాతీ డాక్టర్‌కి చూపించుకోండి.